కొండగాలికి కట్ట

పొద్దు కొండ వెనక్కి వాలిందంటే తాయమ్మ కాలు ఒకచోట నిలవదు. ఆవుకి పాలు పిండి డెయిరీకి పంపాల, రాగిముద్దకి ఎసరు పెట్టాల, అన్నిటికన్నా ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని, గడపలో చల్లిన సున్నం తొక్కి, పురుగుల ఇంట్లోకి పోయి తట్టల నిండా మల్బరీ ఆకు పరచాల. పట్టుపురుగులు ఆకు అందుకున్నాయంటే ఇల్లంతా సన్నవాన పడుతున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు చెవిన పడినాకే ఆమె బయటికొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్క నిమిషం నిలబడేది. ఆ ఒక్క నిమిషమూ కింద పల్లం వైపే చూసేది. చూసి కుళ్ళుకునేది.

అదే వేళకి కొండగాలి దిగొస్తుంది.

ఆవని కొండకి ఉత్తరాన, బండలు పొర్లి పొర్లి ఆగిపోయిన చోట ఉండాది బండకిందపల్లి. చలికాలం ముదిరినాక అక్కడ గాలి కంటికి కనబడేటట్టే దిగుతుంది. మజ్జిగ తేటలాగా పలచగా, కాస్త నీలంగా, చీలమండ లోతున బండల సందుల్లో పారుకుంటా వస్తుంది. అది ఊళ్ళోకి రాగానే కోళ్ళు ఇంటి ముందర జగిలి అరుగు ఎక్కి కూర్చుంటాయి, ఆడోళ్ళు కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంటారు, పిలకాయలు చెప్పులు విడిచేసి అందులో ఎండుటాకులు వదిలి పందేలు కాస్తారు. ఊరికి కొత్తగా వచ్చిన కోడళ్ళు మొదటి చలికాలం కాళ్ళు తడుముకుని చూసుకుంటారు, తడి లేదే అని. మరుసటేడు వాళ్ళూ కుచ్చిళ్ళు దోపుకుంటారు. అంతే.

చెరువుకి నీరుగంటి ఉన్నట్టు ఆ ఊళ్ళో గాలికీ గాలిగంటి ఉన్నాడు. చిక్కవెంకటప్ప. వానాకాలం చెరువు నీళ్ళు ఎవరి మడికి ఎప్పుడు పారాలో చూసేదీ ఆయనే, చలికాలం పార భుజాన వేసుకుని కొండగాలిని వంతు ప్రకారం తోటలకి తిప్పేదీ ఆయనే. మామిడికి పూత రావాలంటే చలి తగలాల గదా. ఈ పొద్దు ఒకరి తోటకి, రేపు ఇంకొకరి తోటకి. వంతు తప్పి గాలిని కట్టుకున్నోళ్ళని ఆయన తిట్టడు, కొట్టడు. ఆ దొంగకట్ట మీద కానుగ కొమ్మ ఒకటి నాటి పోతాడు. కొమ్మ నాటిన కట్టని ఇంగ వేరేవాళ్ళెవరూ తాకకూడదు. కట్టినోళ్ళే పదిమందీ చూస్తా ఉండగా తమ చేత్తో తెంచాల. ఆ సిగ్గుకి జడిసి ఎవరూ అంత పనికి పోరు.

ఎవరి తోటకి తిప్పినా చివరికి ఆ గాలి పోయి పడుకునేది ఒకే చోట. సవిత ఇంటి పల్లంలో. తాయమ్మ కడుపుమంటకి అదే మొదలు.

మునియప్ప, మునిశంకర్ అన్నదమ్ములు. తాయమ్మ పెద్దకోడలు, సవిత చిన్నకోడలు. భూమి పంచుకున్న దినం మెరక కావాలని పట్టుబట్టింది తాయమ్మే. "పల్లంలో చలికి నా పురుగులు బతకవు. మెరక మాకియ్యండి, లేదంటే పంపకమే వద్దు," అని పెద్దమనుషుల ఎదురుగా కొంగు బిగించి నిలబడింది. సవితకి అప్పటికి కాళ్ళ పారాణి కూడా ఆరలేదు. మాస్తిలో బడిపంతులు కూతురు, గట్టిగా మాట్లాడటం తెలీదు. "అక్క ఎట్లంటే అట్లే," అనింది. ఆ గుంతలో పడి వణకనీ అని తాయమ్మ లోలోపల సంతోషపడింది కూడా. మనలో మనకి దాపరికమెందుకు.

తీరా చూస్తే ఏమైంది? రాత్రంతా గాలి పల్లంలో పడుకునేసరికి సవిత మామిడిచెట్లు ఆకు కనబడకుండా పూసేవి. తాయమ్మ తోట మెరక మీద ఉండాది, వంతు వచ్చినా గాలి తగిలీ తగలనట్టు జారిపోయేది, చెట్లు మొగమాటానికి పూసినట్టు కొమ్మకింత పూసేవి. శ్రీనివాసపురం నుంచి తోటలు చూడటానికి వచ్చే వ్యాపారస్తులు మొదట పల్లం గేటు దగ్గరే దిగేవాళ్ళు. పైకి వచ్చేసరికి వాళ్ళకి టీ తాగడం కూడా అయిపోయి ఉండేది.

సరే, మామిడిపూత కోసం ఎవరూ చచ్చిపోరు. తాయమ్మని లోపల్లోపల తినేస్తా ఉండింది వేరే సంగతి. ఆమెకి ఒక్కతే కూతురు, చైత్ర. ఐదో తరగతి. బడివ్యాను దిగి, పుస్తకాల సంచి ఇంటి జగిలి మీద పారేసి, గాలితోపాటే పల్లానికి జారిపోయేది. ఇంట్లో ముద్ద చల్లారిపోయినా రాదు. పిలవను పోతే, వస్తా ఉండానమ్మా అని ఆడనుంచే కేక.

ఆ సాయంత్రం కూడా అంతే. తాయమ్మ కంచె దాకా పోయి చూసింది. సవిత జగిలి మీద కూర్చుని ఉండాది. ముందర గాలిలో మోకాళ్ళ దాకా దిగి ఊళ్ళో పిలకాయలంతా గుంపు. సవిత కాళ్ళకి ఆనుకుని, తన సొంత తల్లికి ఆనుకున్నట్టు, చైత్ర.

"పగలంతా కొండ బండలు ఎండ తాగుతాయి గదా. పొద్దు మునిగినాక ఏమవుతాయి?" అని సవిత అడుగుతా ఉండింది.

"చల్లారిపోతాయి!"

"బండ చల్లారితే, దాన్ని ఆనుకుని కూర్చున్న గాలి?"

"అదీ చల్లారిపోతుంది!"

"ఆఁ. వేడిగా ఉన్నప్పుడు గాలి కాళ్ళూ చేతులూ చాపుకుని కూర్చుంటుంది. చలేస్తే మనమెట్ల ముడుచుకుంటాము? గాలీ అట్లే ముడుచుకుంటుంది. ఇప్పుడు నువ్వు చాపుకుని కూర్చుంటే ఈ జగిలి మీద నువ్వొక్కదానివే. ముడుచుకుంటే?"

"నేనూ అర్పితా ఇద్దరం పడతాము," అనింది చైత్ర, పక్కనున్న పిల్లని చూపించి.

"అంతే. చల్లగాలి ముడుచుకుంటే అదే చోట్లో జాస్తి గాలి పడుతుంది. అందుకే అది బరువు. ఫ్రిడ్జు తలుపు తీస్తే చలి యాడ తగుల్తుంది మీకు, మొగానికా, కాళ్ళకా?"

"కాళ్ళకి! కాళ్ళకి!"

"బరువైంది కిందికే పోతుంది. కొండ వాలుగా ఉండాది, అందుకని జారుకుంటా జారుకుంటా వస్తుంది. గోడ అడ్డమొస్తే ఆగుతుంది, సందు దొరికితే దూరుతుంది, గుంత దొరికితే నిండుతుంది. పొద్దున్నే ఎండ తగిలిందా, మళ్ళీ తేలికై కొండెక్కేస్తుంది."

చైత్ర తల ఎత్తి చూసింది. "మరి మా ఇంట్లో ఏల ఆగదు చిన్నమ్మా? నీ ఇంటికే ఏల వస్తుంది?"

"నా మీద ప్రేమతో రాదమ్మా," అని సవిత నవ్వింది. "నాది పల్లం. అంతే."

కంచె అవతల తాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఎంత అణకువ! అన్నీ దొరికినోళ్ళకి అణకువ దొరకదా? గాలి దాని ఇంటికే, పూత దాని చెట్లకే, కడుపున పుట్టిన బిడ్డ కూడా దాని కాళ్ళ దగ్గరికే. ఇంగ మిగిలిందేముండాది, పురుగుల తట్టలా?

"చైత్రా! వస్తావా, నన్నే దిగి రమ్మంటావా?" అని అరిచింది. పిల్ల లేచి వచ్చింది గాని, దారి పొడుగునా వెనక్కి తిరిగి చూసుకుంటానే వచ్చింది.

రాత్రి బస్సారు పులుసులో ముద్ద నంచుకుంటా మునియప్ప గొంతు సవరించుకున్నాడు. సవరించుకున్నాడంటే ఏదో ఉండాదని తాయమ్మకి తెలుసు.

"మునిశంకర్ అడిగినాడు. పొద్దున వ్యాను కింద బాటలోనే గదా ఆగేది. చలిలో ఈ మెరక నుంచి చైత్ర దిగలేక దిగి, రెండు దినాలకొకసారి వ్యాను తప్పిపోతా ఉండాది. బడి ఉన్నన్నాళ్ళూ వాళ్ళింట్లోనే పండుకోనీ అంటా ఉండాడు. వాళ్ళకా పిలకాయలు లేరు, సవిత పాఠాలూ చెప్తుంది."

"నా బిడ్డని రాసిచ్చేసినారా?"

"రాసియ్యడమేమే! పిలిస్తే పలికే దూరం. నీకు చూస్తే పురుగులతోనే సరిపోతా ఉండాది. పురుగులు గూడు కట్టినాక చైత్రనే అడుగుదాము. దానికేది ఇష్టమో అదే."

తాయమ్మ కూతురి వైపు తిరిగింది. "పోతావా నువ్వు?"

చైత్ర కంచంలో వేలితో గీతలు గీసింది. "ఆడ గాలి ఉంటుందమ్మా. ఈడ నువ్వు ఎప్పుడూ పురుగులింట్లోనే ఉంటావు. నన్ను లోపలికి రానియ్యవు."

పిల్ల చెప్పింది రెండు మాటలు. తాయమ్మ చెవికెక్కింది మొదటిది ఒక్కటే. ఆడ గాలి ఉంటుంది. ఓహో, గాలా? గాలే గదా కావాల్సింది!

మర్నాడు మునియప్ప ముళబాగిలు పోయినాడు, పిల్ల బడికి పోయింది. తాయమ్మ పారా గంపా తీసుకుని పెరట్లోకి దిగింది. మడవ కట్టడం ఆమెకి ఎవరూ నేర్పాల్సిన పని కాదు, చిన్నప్పటినుంచీ రాగిచేనికి నీళ్ళు కట్టిన చేయి. ఆవుల కొట్టం పక్కన తవ్వింది, తవ్విన మన్ను గంపలకెత్తింది, పెరడు పల్లంలోకి వాలే చోట అడ్డంగా పోసింది, కాలితో తొక్కి గట్టి చేసింది. కొట్టం పక్కన మనిషి దిగి కూర్చునేంత గుంత పడింది. పేడా చెత్తా వేసి పూడ్చుదాంలే అనుకుని దాని సంగతి మర్చిపోయింది. మధ్యాహ్నానికి నడుం ఎత్తు కట్ట లేచింది. తరవాత పైకి పోయి, కొండదారిలో చెన్నరాయప్ప తోట వైపు చిక్కవెంకటప్ప తీసి పెట్టిన మడవ మూసేసి, తన పెరటి వైపు తెరిచింది. ఆ దినం వంతు చెన్నరాయప్పది. ఉండనీ. కొండని ఎవరైనా వాళ్ళకి రాసిచ్చినారా?

పొద్దు వాలింది. గాలి దిగింది. ఎప్పటి మాదిరే పెరట్లోకి వచ్చి, ఎప్పటి మాదిరే పల్లానికి పోను చూసి, కట్టకి తగిలి ఆగింది. ఆగి వెనక్కి మళ్ళింది. చూస్తా ఉండగానే చీలమండ దాటి, పిక్కల దాకా నిండింది.

చైత్ర వ్యాను దిగి, సంచి పారేసి, పల్లం దారి పట్టింది. దారిలో గాలి లేదు. ఎండుటాకులు ఎక్కడివక్కడ పడి ఉండాయి. పిల్ల నిలబడి అటూ ఇటూ చూసింది, వెనక్కి తిరిగింది, పెరడు చూసింది.

"అమ్మా! మనింట్లో గాలి! చూడమ్మా, చెరువు మాదిరి!"

చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు ఎగిరిపోయినాయి. పిల్ల అందులో దూకి, గుండ్రంగా తిరిగి, చేత్తో తోసి, కేకలు పెట్టింది. ఆ కేకలకి పల్లంలో పిలకాయలంతా బిరబిరా పైకొచ్చేసినారు. కిందికి చూస్తే సవిత తన గేటు దగ్గర ఒక్కతే నిలబడి ఉండాది. ఎన్నేళ్ళకి చల్లబడింది తాయమ్మ కడుపు! నిలబడు తల్లీ, బాగా నిలబడు అనుకుంది. ఆ సంతోషంలో ఆమె మొగం చూసినవాళ్ళు బిడ్డకి పెండ్లి కుదిరిందేమో అనుకునేవాళ్ళు.

"అమ్మా, నువ్వూ రా! కాళ్ళు పెట్టు, ఎంత బాగుండాదో!"

"నాకు పని లేదా? పురుగులకి ఆకెవరు వేస్తారు, మీ చిన్నమ్మా?" అని తాయమ్మ లోపలికి పోయింది. చైత్ర కాసేపు ఆ తలుపు వైపు చూసి, మళ్ళీ ఆటలో పడింది.

చీకటి పడే ముందర చిక్కవెంకటప్ప వచ్చినాడు. పార దించి కట్ట చూసినాడు, కట్ట వెనక గాలిని చూసినాడు.

"తాయమ్మా, ఈ పొద్దు వంతు చెన్నరాయప్పదమ్మా."

"తెలుసులే మామా. నా ఇంటి ముందరనుంచి పోయే గాలే గదా, ఒక్క పూట నేనుంచుకుంటే ఏం మునిగిపోతుంది?"

ముసలాయన కంచెలో కానుగ కొమ్మ విరిచి, కట్ట మీద నాటి, పార ఎత్తుకుని వెళ్ళిపోయినాడు. తాయమ్మ పోనీ, కొమ్మే గదా అనుకుంది. బిడ్డ ఇంట్లో పండుకుని ఉండాది. అది చాలు.

తెల్లవారుజామున ఆమెని లేపింది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. పురుగుల ఇంటి వైపు చెవి పెట్టింది. ఏమీ లేదు. సన్నవాన ఆగిపోయింది.

పెరటి తలుపు తీసింది. కొండంతా మంచు కమ్ముకుని ఉండాది, ఎండ వచ్చే జాడ లేదు. రాత్రంతా కొండ దిగుతానే ఉన్న గాలి పోను దారి లేక పెరడంతా నడుంలోతు నిండి కూర్చుంది. కడిగిన నీళ్ళు ఇట్టే బయటికి పోతాయని పురుగుల ఇంటిని పెరటి వాలులో, అన్నిటికన్నా కింది మూలలో కట్టించుకుంది తాయమ్మే. కింద జాలీ కిటికీలు పెట్టించింది కూడా ఆమే. ఆ కిటికీల్లోంచి గాలి లోపలికి పోయి తట్టల వరసలన్నీ ముంచేసింది. పురుగులు తలలెత్తి, వేసిన ఆకు వేసినట్టే ఉండగా, కదలకుండా ఉండాయి. నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి పొర విడిచి, ఇంగ గూటికి పోయే పురుగులు. కింది తట్టల్లోవి ముట్టుకుంటే బిరుసుగా తగిలినాయి.

"అయ్యో, నా పురుగులు! ఇదో, లెయ్యి! లెయ్యి!"

రాత్రి పొద్దుపోయి వచ్చి పండుకున్న మునియప్ప లేచి, కుంపటి రాజేసి తెచ్చి లోపల పెట్టినాడు. ప్రయోజనం లేదు. వేడంతా నేరుగా కప్పుకి ఎక్కిపోతా ఉండాది, చలి కిందే పండుకుని కదలనంటా ఉండాది. పార అందుకుని కట్ట దగ్గరికి పరిగెత్తినాడు. కానుగ కొమ్మ చూసి ఆగిపోయినాడు.

"కొమ్మ నాటించుకున్నావా నువ్వు?" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు, అదే తాయమ్మకి ఎక్కువ బాధైంది. "నేను తాకకూడదు. నువ్వే తెంచాల."

ఊళ్ళోవాళ్ళు అప్పటికే ఒకరొకరుగా వచ్చి నిలబడినారు. చెన్నరాయప్ప చేతులు కట్టుకుని నిలబడినాడు. చిక్కవెంకటప్ప ఒక బండ మీద కూర్చున్నాడు. తాయమ్మ పార తీసుకుని కట్ట ఎక్కింది. ఎక్కి కిందికి చూసింది. కట్టకి నేరుగా కింద సవిత తోట. చెట్లన్నీ కొత్తపూతతో ఉండాయి. చలి మోతాదుగా తగిలితే పూత, ఇట్లా రాత్రంతా పేరుకున్న చలి ఒక్కసారిగా మీద పడిందంటే మాడు. ఇక్కడ తెంచితే తన పురుగులు బతుకుతాయి, అక్కడ పూత నల్లబడుతుంది. దేవుడే పార చేతికిచ్చినట్టు ఉండాది. నిజం చెప్పాలంటే తాయమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆత్రపడింది.

అప్పుడే కింది దారిలోంచి సవిత ఎగపోసుకుంటా వచ్చింది. పరిస్థితి ఒక్క చూపులో అర్థం చేసుకుంది.

"తెంచక్కా. ఆలోచించొద్దు. పూత పోతే పోనీ, వచ్చే ఏడు పూస్తుంది. పురుగులు పోతే యాడ తెస్తావు? తెంచు."

ఏమిటి? దానమా? ఊరంతా చూస్తా ఉండగా? రేపటినుంచి కుళాయి దగ్గర ఇదే మాట. తాయమ్మ గాలి దొంగిలించింది, సవిత పూత పోగొట్టుకుని తాయమ్మ పురుగుల్ని కాపాడింది. బిడ్డ కూడా అదే చెప్పుకుంటుంది. అన్నిట్లోనూ అదే పైన. కింద పల్లంలో ఉండి కూడా అదే పైన!

"నీ దయ నాకేం అక్కర్లేదు!" అని తాయమ్మ అరిచింది. ఏడుస్తా అరిచింది. "నా తప్పుకి నీ పూత ఏమిటికి? పక్కకి జరుగు!"

పార ఎత్తుకుని కట్ట రెండో కొస దాకా పరిగెత్తింది. అక్కడ కట్ట అవతల ఉండేది ఆమె సొంత మల్బరీ మడి. కానుగ కొమ్మ పీకి పారేసి, తన చేత్తో ఆ పక్క తెంచింది. గాలి ఒక్క ఊపున ఆ మడిలోకి దొర్లింది. పచ్చగా నిగనిగలాడే ఆకు వరస వెంట వరస వాలిపోయి, కాసేపటికి ఉడకబెట్టినట్టు నల్లబడిపోయింది. పెరడు ఖాళీ అయింది. పురుగుల ఇంట్లో, మొదట ఒక తట్టలో, తరవాత ఇంకొక తట్టలో, సన్నవాన మళ్ళీ మొదలైంది. కింది వరసలు పోయినాయి, పై వరసలు దక్కినాయి. చివరి మేపుకి కావాల్సిన ఆకు ముందురోజే కోసి తడిగోనె కింద పెట్టి ఉండటం ఆమె అదృష్టం.

చిక్కవెంకటప్ప లేచి పార భుజాన వేసుకున్నాడు. "తెంచిందమ్మా. అయిపోయింది," అన్నాడు అందరికీ వినబడేటట్టు. ఆ మాట అన్నాడంటే ఇంగ ఊళ్ళో ఎవరూ ఆ సంగతి ఎత్తకూడదు. చెన్నరాయప్ప కూడా తల ఊపి వెళ్ళిపోయినాడు.

మిగిలిన కట్టని తాయమ్మ ఆ మధ్యాహ్నమే చదును చేసేసింది. ఆ సాయంత్రం గాలి దిగి, పెరట్లోంచి మాట్లాడకుండా జారి, పల్లానికి పోయింది. తాయమ్మ చూడలేదు. పురుగులు పండినాయి. వాటిని ఏరి, గూడు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేసే పనిలో తల ఎత్తే తీరిక లేదు. ఒళ్ళు బంగారు రంగుకి తిరిగిన పురుగులు నోట్లోంచి దారం తీసుకుంటా, తల అటూ ఇటూ ఊపుకుంటా తమ చుట్టూ తామే గూడు కట్టుకున్నాయి. గూట్లోకి పోయిన పురుగుకి ఇంగ ఆకు అక్కర్లేదు.

అట్లా ఒక సాయంత్రం తాయమ్మకి చేతిలో పని లేకుండా పోయింది. మునియప్ప జగిలి మీద కూర్చుని, "చైత్రని పిలువు, అడిగేద్దాము," అన్నాడు.

పిల్ల ఇంట్లో లేదు. సంచి జగిలి మీద పడి ఉండాది. తాయమ్మ వాకిట్లోకి వచ్చింది. అడిగేదేముండాది, గాలి వెంట పోయింది, జవాబు అదే గదా. పల్లం వైపు చూసింది. సవిత జగిలి మీద చైత్ర లేదు. తక్కిన పిలకాయలు కూడా లేరు, వాళ్ళ బడిలో ఏదో ఆటల పోటీ అంట, ఊళ్ళోకి ఇంకా తిరిగి రాలేదు.

"చైత్రా!"

"ఈడుండానమ్మా!" కొట్టం పక్కనుంచి వచ్చింది గొంతు.

తాయమ్మ పోయి చూసింది. కట్టకని మన్ను తవ్విన గుంత, పూడ్చను మర్చిపోయింది, అట్లే ఉండాది. కొండగాలి పల్లానికి పోతా పోతా ఆ గుంతలో కొంచెం నిలిచిపోయింది. నీలంగా, కదలకుండా, అంచు దాకా. అందులో చైత్ర మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉండాది.

"అమ్మా, ఇది పోలేదు. నిన్నా పోలేదు, మొన్నా పోలేదు. నేను రోజూ వచ్చి చూస్తా ఉండాను."

"చలి పడుతుంది, లెయ్యి," అనబోయింది తాయమ్మ. నాకు పని ఉండాది అనబోయింది. పని లేదు. ఎన్నాళ్ళకో చేతులు ఖాళీగా ఉండాయి, వాటిని ఏం చెయ్యాలో తెలీలేదు. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మెల్లగా గుంతలోకి దిగి కూతురి పక్కన కూర్చుంది.

అబ్బా, ఎంత చల్లగా ఉండాది! ముందు పాదాలకి, తరవాత మోకాళ్ళకి, తరవాత మనసుకి కూడా తగిలింది. ఇన్నేళ్ళుగా ఇంటి ముందరనుంచి పోతా ఉన్న గాలి. ఒక్కసారి కూడా అందులో కాళ్ళు పెట్టి కూర్చోలేదు. చైత్ర జరిగి వచ్చి భుజానికి తల ఆనించింది. మల్బరీ ఆకు వాసన కొట్టే ఆ భుజానికి.

"ఇది ఏల ఆగిందో తెలుసా అమ్మా?"

"తెలీదు. చెప్పు."

"చల్లగాలి బరువు గదా. కట్ట కడితే ఆగుతుంది గాని, అది అడ్డం. సందు దొరికితే పోయేదే. గుంత అయితే తనంతట తానే నిండుతుంది. నువ్వు తవ్వినావు గదా, అందుకని." చెప్పి, తల్లి చెయ్యి తీసుకుని గాలిలో ముంచింది. "పురుగులకి మళ్ళీ ఆకు వచ్చేదాకా నువ్వు ఖాళీనే గదా?"

"మల్బరీ మడి మాడిపోయింది గదా. మోడు కొట్టినాను, చిగురెయ్యాల. అంతదాకా ఖాళీనే." తాయమ్మ అడగకూడదనుకుంటానే అడిగేసింది. "చిన్నమ్మ ఇంట్లో ఉంటావా?"

పిల్ల గాలిలో వేలితో గీతలు గీసింది.

"పొద్దున్నే కొంచెం బిన్నా లేపు, పరిగెత్తి పోయి వ్యాను ఎక్కేస్తాను. మాపటేలకి ఈడికే వచ్చేస్తాను. ఇది నిండే వేళకి." మళ్ళీ అనింది, "నువ్వూ కూర్చుంటేనే."

జగిలి మీదనుంచి మునియప్ప, "ఏమంటా ఉండాది?" అని కేకేసినాడు. చెప్పేదేముండాదిలే అని ఆయనే బీడీ ముట్టించుకున్నాడు.

కంచె దగ్గర ఎవరో కదిలినారు. సవిత. గేటు దాటి, దారెక్కి, కంచె దాకా వచ్చి ఆగిపోయింది. పైట కొస వేలికి చుట్టుకుంటా ఉండాది.

"ఏమక్కా, చైత్ర ఈ పొద్దు కూడా రాలేదే అని," అనింది. నవ్వడానికి చూసింది, నవ్వు సగంలో ఆగింది. కళ్ళు మాత్రం గుంతలోకి, తల్లీ కూతుళ్ళ కాళ్ళ వైపు, పిల్ల తల ఆనించిన భుజం వైపు పోయి అక్కడే నిలిచిపోయినాయి.

ఆ చూపు తాయమ్మకి కొత్త కాదు. లోకంలో ఎవరికన్నా బాగా తనకే తెలుసు. ఆ చూపుతో ఇదే కంచె పట్టుకుని ఎన్ని సాయంత్రాలు నిలబడిందో, లోపల ఎట్లా మండుతుందో, రాత్రి పండుకుంటే ఎట్లా నిద్ర పట్టదో, అంతా తెలుసు. మండనీ అనుకోవచ్చు. అనుకుందాం అని చూసింది కూడా. మోకాళ్ళ దాకా గాలి ఉండాది, మంట పుట్టలేదు.

చైత్రని దగ్గరికి లాక్కుని, ఇంకొకరు పట్టేంత చోటు చేసింది.

"అట్లా నిలబడి చూస్తే ఏమొస్తుందే? చెప్పులు విడిచి దిగు," అనింది. "ముడుచుకుని కూర్చుంటే ముగ్గురం పడతాము."

సవిత కంచె దాటింది. గుంత చిన్నది, ముగ్గురి మోకాళ్ళూ తగులుకున్నాయి. పైనుంచి గాలి ఇంకా దిగుతానే ఉండాది.